మెరిసే జాలీలు

ఆవిడ ఇంటికి వాసన లేదు.

ఎవరి ఇంటికి వెళ్ళినా తలుపు తీయగానే ఏదో ఒకటి ఎదురొస్తుంది. వంట వాసనో, తడి బట్టల వాసనో, పసిపిల్లల పౌడరు వాసనో. ఆవిడ తలుపు తీస్తే మాత్రం వట్టి గాలి. ఒంటికి రాసుకునేది పరిమళం కలపని సబ్బు. తలకు నూనె లేదు. బట్టలుతికే పొడి కూడా నాలుగు దుకాణాలు తిరిగి, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏ వాసనా లేదని తేల్చుకున్నాక తెచ్చుకున్నదే. ఇదేదో మొక్కుకుని పట్టిన నియమం కాదు. ఉద్యోగం అలాంటిది.

ఉద్యోగం ఏమిటంటే, ఊరి గాలిని పట్టి తేవడం. చెప్పుకుంటే నవ్వొస్తుంది కానీ నిజంగా అదే పని. పుచ్చకాయంత ఉక్కు గుండు ఒకటి ఉంటుంది. లోపలి గాలినంతా ముందే తోడేసి, గొంతు బిగించి ఉంచుతారు. దాన్ని మేడమీదికి మోసుకెళ్ళి గొట్టానికి తగిలించి మర తిప్పితే, దాహంతో ఉన్నవాడు నీళ్ళు తాగినట్టు అది బుస్సుమని బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ గొంతు బిగించి, చీటీ కట్టి, పరిశోధనశాలకు తెచ్చి యంత్రానికి అప్పజెప్పాలి. ఆ గాలిలో ఏమేం ఉన్నాయో యంత్రం విడదీసి చెబుతుంది: పెట్రోలు ఆవిరి ఎంత, రంగుల దుకాణాల నుంచి వచ్చింది ఎంత, చెట్లు విడిచింది ఎంత. గాలి పట్టే మనిషి ఒంటి పరిమళం అందులో కలిసినా లెక్క తప్పుతుంది. కంటికి కనబడని ఈ సరుకునూ బండ్ల పొగనూ కలిపి మధ్యాహ్నపు ఎండ వంట చేస్తుంది. ఆ వంటలో తయారయ్యేదే ఓజోన్. అది ఆకాశంలో ఎక్కడో పైన ఉంటే మనకు గొడుగు. కింద మనం పీల్చే గాలిలో చేరితే దగ్గు, ఆయాసం, కళ్ళమంట. ఏ సరుకు ఎంత ఉందో సరిగ్గా తెలిస్తేనే దేన్ని తగ్గించాలో తెలుస్తుంది. అందుకని ఆ గుండ్లు. ఇరవై మూడేళ్ళుగా వాటిని మోస్తోంది కాబట్టి ఆఫీసులో అందరికీ ఆవిడ గుండ్లక్కయ్య.

సోమవారం, గురువారం. పొద్దున ఏడింటికి ఒక గుండు, మధ్యాహ్నం రెండింటికి ఒక గుండు. పెద్ద రోడ్డు పక్కన పాత నీళ్ళ ఆఫీసు మేడ మీద ఒక రేకు గది ఉంది. మేడదాకా మెట్లు, అక్కడినుంచి రేకు గది కప్పు మీదికి ఇనుప నిచ్చెన. కింద గేటు దగ్గర కావలి తాత కూర్చుంటాడు. ఆయనకు చుట్ట అలవాటు. ఆవిడ వీధి మలుపు తిరగడం కనబడగానే చుట్ట ఆర్పి, చెవి సందున పెట్టుకుని, చేతులు కడుక్కుని, నిచ్చెన పట్టుకోవడానికి ఆవిడ వెనకే మెట్లెక్కుతాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయన జీతంలో అది లేదు.

"మోకాళ్ళ నొప్పులతో నువ్వెందుకు తాతా ఎక్కి రావడం?" అంటుంది ఆవిడ.

"నీకోసం కాదులే అమ్మాయ్. నువ్వు పడితే పోలీసులకు కాగితాలు రాసివ్వాల్సింది నేనే కదా. నాకా, సంతకం తప్ప రాదు."

ఈ మాటలే ఏళ్ళ తరబడి. అయినా ఇద్దరూ ప్రతిసారీ నవ్వుతారు. కొన్ని రోజులైతే ఆవిడ మరో మనిషితో నవ్వే నవ్వు అదొక్కటే.

పైకెక్కాక మర తిప్పేముందు ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది. "ఉన్నది ఉన్నట్టు చూపించు స్వామీ." అంతే ఆవిడ ప్రార్థన. తనకంటూ అడిగేది ఏమీ లేదు.

గొట్టం మూతి లోపల సీసా మూతంత రాగి జాలీలు ఆరు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఆవిడకు పని నేర్పిన పాత మాస్టారు వాటిని చేతిలో పెట్టి చూపించి, "ఇవి లేకుండా ఎప్పుడూ గాలి పట్టకు" అన్నాడు. ఎందుకో చెప్పాడో లేదో ఆవిడకు గుర్తులేదు. దుమ్ము పడకుండా కాబోలనుకుంది. వాటిని మార్చడం, బిగించడం అన్నీ ఆయనే చూసుకునేవాడు. పన్నెండేళ్ళు అలా గడిచాక ఆయన ఉద్యోగం విరమించాడు. తరువాత మూడు నెలలకు ఆవిడ భర్త పోయాడు.

రెండు రోజుల జ్వరం. మూడో రోజు మనిషి లేడు. ఆయన బస్సుల మరమ్మతు చేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి గ్రీజు వదిలేదాకా స్నానం చేసి, తలకు బాగా నూనె పట్టించుకుని, "నీ యంత్రం నన్ను రానిస్తుందా?" అని గుమ్మంలోనే నిలబడి అడిగేవాడు. ఆ మాట అడిగేవాళ్ళు ఇక ఎవరూ లేరు. పిల్లలు లేరు. ఆవిడ మూడు వారాలు సెలవు పెట్టింది. ఆ మూడు వారాల్లో ఇంట్లో తోమని గిన్నె లేదు, తుడవని గోడ లేదు. చేతులు ఆగితే చాలు, రెండు గదుల ఇల్లు ఎంతో పెద్దదైపోయేది.

పనిలోకి వచ్చిన రోజున మొదటిసారి తానే గొట్టం విప్పి చూసింది. జాలీలు నల్లగా, మట్టి రంగుగా ఉన్నాయి. "అయ్యో, చూసేవాళ్ళు లేక ఎంత పాడుపడ్డాయి" అనుకుంది. గాజు సామాను కడిగే పలచటి ఆమ్లంలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమింది. తోమగా తోమగా నల్లటిదంతా ఊడి కిందికి జారింది. లోపలినుంచి రాగి ఎర్రగా, కొత్త చెంబులా మెరిసింది. మూడు వారాల్లో మొదటిసారి ఒక పని బాగా చేశాననిపించింది ఆవిడకు. నోటు పుస్తకంలో రాసుకుంది: "జాలీలు కడిగాను. మెరుస్తున్నాయి."

అప్పటినుంచి ప్రతి నెలా ఒకటో తేదీన అదే పని. పదకొండేళ్ళు.

స్టోరు గుమాస్తా ఎప్పుడైనా, "ఏం గుండ్లక్కయ్యా, జాలీలేమైనా కావాలా?" అని అడిగితే ఆవిడ కాస్త గర్వంగానే, "నావి ఇంకా కొత్తవాటిలానే ఉన్నాయి" అనేది.

"నీలాంటివాళ్ళు నలుగురుంటే నేను స్టోరుకు తాళం వేసి ఇంటికి పోవచ్చు" అనేవాడు ఆయన.

రెండేళ్ళ క్రితం పరిశోధనశాలకు ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకరు పెద్దసారు. వయసులో ఆవిడకంటే చిన్నవాడే, కానీ లెక్కల్లో నిద్రపోయి లెక్కల్లో లేచే మనిషి. రెండోది యంత్రం నడిపే పిల్ల. అందరూ యంత్రం పిల్ల అంటారు. ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. రోజూ వస్తూనే ఆవిడ దగ్గరికి పరిగెత్తుకొచ్చి తల వంచి, "అక్కయ్యా, వాసన చూడండి. మా చెల్లి మళ్ళీ నా దుప్పటి మీద సెంటు ఒలకబోసింది. లోపలికి వెళ్ళొచ్చా, పోయి తలస్నానం చేసి రానా?" అని అడిగేది. మధ్యాహ్నం ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళు. ఆ పిల్ల మాట్లాడుతూనే ఉండేది. ఆవిడకు ఆ మెట్ల మీద గడిచే అరగంట రోజంతటికీ సరిపోయేది.

పెద్దసారు వచ్చాక ఒక కొత్త లెక్క మొదలుపెట్టాడు. మధ్యాహ్నం గాలిలో ఎంత ఓజోన్ తయారైందో వేరే పరికరం చెబుతుంది. అంత తయారవాలంటే సరుకు ఎంత ఉండాలో ఆయన లెక్కగడతాడు. గుండ్లలో దొరికినదాన్ని దాని పక్కన పెట్టి చూస్తాడు. పొద్దుటి లెక్కలు కుదిరేవి. మధ్యాహ్నంవి కుదిరేవి కావు.

"అన్నం ఇంత ఉడికిందంటే బియ్యం ఇన్నన్నా ఉండాలి కదండీ?" అన్నాడు ఒకరోజు అందరి ముందూ. "మన డబ్బాలో చూస్తే సగం బియ్యమే కనబడుతున్నాయి. గాలి అబద్ధం చెప్పదు. అక్కయ్యగారు ఇరవై మూడేళ్ళుగా ఒకేలా పడుతున్నారు. ఇక తప్పు ఉంటే యంత్రం దగ్గరే."

యంత్రం పిల్ల ముఖం పాలిపోయింది. "మూడుసార్లు సరిచూశాను సార్" అంది చిన్నగా.

"నాలుగోసారి చూడమ్మా. వచ్చే నెల పదో తేదీకి నివేదిక వెళ్ళాలి. కారణం దొరక్కపోతే, నడిపే మనిషి పొరపాటని రాయక నాకు తప్పదు. అలా రాస్తే నీ పొడిగింపు ఆగిపోతుంది. నాకూ ఇష్టంలేదు."

ఆ రోజు మెట్ల మీద ఆ పిల్ల డబ్బా మూత తీయలేదు. ఆవిడ ఆ పిల్ల వీపు మీద చేయి వేసి కూర్చుంది.

మరుసటి నెల ఒకటో తేదీ బుధవారమైంది. ఆవిడ అలవాటు ప్రకారం జాలీలు విప్పింది. పదకొండేళ్ళు తోమిన రాగి తీగలు సన్నగా అరిగిపోయి ఉన్నాయి. బ్రష్షు తగలగానే ఒక జాలీ అంచు పుటుక్కున చినిగింది. తప్పక స్టోరుకు వెళ్ళింది.

"అమ్మయ్య, ఇన్నేళ్ళకు నా ముఖం చూశావు" అంటూ గుమాస్తా పై అరలోంచి ఒక చిన్న పెట్టె దింపి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

బల్ల దగ్గరికి తెచ్చుకుని విప్పింది. లోపల ఆరు జాలీలు. నల్లగా, మట్టి రంగుగా.

"పాతవి అంటగట్టారు చూడు" అనుకుంటూ ఆమ్లం గిన్నె దగ్గరికి జరుపుకుంది. అప్పుడు పెట్టె అడుగున మడత పెట్టిన కాగితం కనబడింది. అందులో రాసి ఉన్నవి నాలుగే ముక్కలు. ఈ జాలీలకు పూత ఉంది. గాలితోపాటు లోపలికి వచ్చే ఓజోన్‌ను ఈ పూత అక్కడికక్కడే విరిచేస్తుంది. కడగరాదు, తోమరాదు. పూత పోయిన జాలీ పనికిరాదు.

ఆవిడ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పూత లేని జాలీలోంచి ఓజోన్ నేరుగా గుండులోకి పోయింది. యంత్రం దాకా వచ్చేలోపు, అందులోని సున్నితమైన సరుకునంతా తినేసింది. పొద్దున ఓజోన్ తక్కువ కాబట్టి నష్టం తక్కువ. మధ్యాహ్నం ఎక్కువ కాబట్టి సగానికి సగం. ఇంట్లో సొమ్మునూ దొంగనూ కలిపి లోపలపెట్టి తాళం వేసినట్టు, పదకొండేళ్ళుగా ప్రతి మధ్యాహ్నమూ తానే చేసింది. తన చేతులతో, తోమి మరీ.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దీపం వేయకుండా కూర్చుంది. ఇంకో దారి కూడా కళ్ళముందు కనబడుతూనే ఉంది. కొత్త జాలీలు బిగించేస్తే చాలు. రేపటినుంచి లెక్కలు వాటంతటవే కుదురుతాయి. పాత జాలీలు చెత్తబుట్టలో పడతాయి. ఎవరికీ తెలియదు. కానీ ఈలోపు పదో తేదీ వస్తుంది, ఆ పిల్ల వెళ్ళిపోతుంది. లెక్కలు కుదరగానే అందరూ ఏమంటారు? చూశారా, ఆ పిల్ల పోగానే అంతా సర్దుకుంది అంటారు.

చెప్పేస్తే? ఈ ఉద్యోగం తప్ప ఆవిడ ఈ లోకంలో చేసిన పని ఇంకొకటి లేదు. అలమరలో వరసగా నిలబడ్డ నోటు పుస్తకాలే ఆవిడ సంసారం. పదకొండేళ్ళ పుస్తకాలను కొట్టేస్తే మిగిలేదేమిటి?

ఫోను మోగింది. చెల్లెలు.

"ఏంటక్కా, గొంతు అలా ఉంది?"

"జలుబు చేసిందే."

"నీకు జలుబేమిటక్కా, పువ్వును కూడా మూరెడు దూరంనుంచి చూసే మనిషివి! సరేగానీ విను, మా ఇంట్లో నల్లా పగిలి నట్టిల్లు చెరువైంది..."

ఆవిడ వింది. నడుమ ఒకచోట, "ఒసేయ్, నేనొక తప్పు చేశానే" అని మొదలుపెట్టింది.

"ఏం తప్పు? ఉండుండక్కా, నల్లావాడు వచ్చినట్టున్నాడు. మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేయలేదు. పాపం, నల్లా పగిలిన ఇంట్లో ఎవరికి తీరిక ఉంటుంది?

అలమరలో పై అరన, రెండు కవర్లలో చుట్టి, ఆయన నూనె సీసా ఉంటుంది. అడుగున రెండు వేళ్ళ నూనె. శనివారాల్లో మాత్రం ఒకసారి మూత తీసి వాసన చూసి, మళ్ళీ బిగించి, చేతులు రెండుసార్లు కడుక్కుంటుంది. ఆ సాయంత్రం చేయి దానిమీదికి పోయింది. రేపు గురువారమని గుర్తొచ్చింది. చేయి వెనక్కి తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ రెండు గుండ్లతో, ఇంకో గొట్టంతో వచ్చింది. కావలి తాత చుట్ట చెవిలో దోపుకుంటూ చూసి, "ఇవాళ కవలలా అమ్మాయ్?" అన్నాడు.

"కాదు తాతా. ఒకదాంట్లో గాలి పడతాను. రెండోదాంట్లో నా తప్పు."

తాతకు ఏమీ అర్థంకాలేదు. "బరువుంటుంది, ఒకటి ఇటివ్వు" అని తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కాడు.

ఒకే కప్పు మీద రెండు గొట్టాలు పక్కపక్కన. ఒకదానికి మెరిసే పాత జాలీలు, ఒకదానికి నల్లటి కొత్తవి. మర తిప్పేముందు కళ్ళు మూసుకుంది. రోజూ అనే మాటే. ఈసారి సగంలో ఆపింది. ఉన్నది ఉన్నట్టు చూపించమని ఇన్నేళ్ళు అడిగింది కదా, ఆ స్వామి చూపించాడు మరి. ఇంక భయపడితే ఎలా? మాట పూర్తిచేసి రెండు మరలూ ఒకేసారి తిప్పింది.

గుండ్ల మీద ఒకటి, రెండు అని మాత్రం రాసి యంత్రం పిల్లకు ఇచ్చింది. ఆ పిల్ల వాటిని యంత్రానికి ఎక్కించింది. రెండు గంటలు పట్టింది. తెర మీద గీతలు కొండల్లా లేచి పడుతున్నాయి. రెండో గుండు గీతలు చూసి ఆ పిల్ల కుర్చీ ముందుకు లాక్కుంది.

"అక్కయ్యా, ఈ రెండోది ఏ ఊరి గాలి? తోటలోదా?"

"మన మేడ మీదిదే. రెండూ ఒకే నిమిషంలో పట్టినవి."

"అదెలా? ఇవి చూడండి, చెట్లవి, పెట్రోలువి, రెట్టింపు ఉన్నాయి. సార్ అడిగే బియ్యం ఇవేగా!" నవ్వబోయి ఆగిపోయింది. ఆవిడ ఒళ్ళో ఒక గుడ్డలో మెరిసే జాలీలు ఉన్నాయి.

ఆవిడ అంతా చెప్పింది. ఆ పిల్ల ఒక జాలీ తీసి వెలుతురుకు పెట్టి చూసింది. నెల రోజులు ఏడ్చిన పిల్ల. ఏమన్నా అనుభవించాల్సిందే అనుకుంటూ ఆవిడ తల వంచుకుని కూర్చుంది.

"సార్ గదిలోకి నేనూ రానా?" అంది చివరకు ఆ పిల్ల. "మీరొక్కరే వెళ్ళకండి."

"వద్దమ్మా. తోమేటప్పుడు ఒక్కదాన్నే కదా."

పెద్దసారు కాగితాన్నీ జాలీలనూ గీతలనూ వరసగా చూశాడు. మొదట నమ్మలేదు. తరువాత ఆయన గొంతు లేచింది.

"పదకొండేళ్ళు! ఒక్కసారి, ఒక్కసారైనా ఎవరినైనా అడగాలనిపించలేదా మీకు?"

"మురికి అనుకున్నాను సార్. మురికి తుడవడానికి ఎవరినని అడుగుతాం?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"ఆ పిల్ల తప్పు లేదని రాయండి సార్. నేనడిగేది అదే."

"అది సరే. పదకొండేళ్ళ మధ్యాహ్నాలు నేనేం చేయను? అన్నీ కొట్టేయనా?"

"నా పుస్తకాల్లో కడిగిన తేదీలన్నీ ఉన్నాయి. మొదటిసారి కడిగిన రోజునుంచి."

ఆయన ఆ పూటే పుస్తకాలు తెప్పించుకున్నాడు. ప్రతి నెలా ఒకటో తేదీన అదే వాక్యం. జాలీలు కడిగాను. మెరుస్తున్నాయి. నూట ముప్ఫై రెండుసార్లు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆయన కోపం ఎక్కడో జారిపోయింది. ఎంత ఓజోన్ ఉన్న రోజున ఏ సరుకు ఎంత తరిగిపోతుందో కొలిస్తే, పాత అంకెలను చాలావరకు సరిచేయవచ్చు. జాలీ ఎప్పటినుంచి ఎలా ఉందో తేదీలతో సహా తెలుసు కాబట్టి ఆ పని కుదురుతుంది. యంత్రం కొలిచే అరవై సరుకుల్లో నలభై తొమ్మిదింటిని ఓజోన్ ముట్టుకోనేలేదు. మిగిలిన పదకొండు మాత్రమే దెబ్బతిన్నాయి. ఆరు నెలలపాటు రెండేసి గుండ్లు పట్టి, ఏడింటిని సరిచేశారు. నాలుగింటిని చేయలేకపోయారు. పదకొండేళ్ళ మధ్యాహ్నాల్లో ఆ నాలుగు గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి.

యంత్రం పిల్లకు పొడిగింపు వచ్చింది. ఏడాది తిరక్కుండా ఇంకా పెద్ద పరిశోధనశాలలో ఉద్యోగం కూడా వచ్చింది. వెళ్ళే రోజున ఆవిడ భుజంమీద తల పెట్టి, "ఇవాళైనా సెంటు రాసుకోవచ్చా అక్కయ్యా?" అంది నవ్వుతూ, ఏడుస్తూ. ఆవిడకు మాత్రం పైనుంచి ఒక మందలింపు కాగితం వచ్చింది. మడతపెట్టి నోటు పుస్తకంలోనే పెట్టుకుంది. మెట్ల మీద ఇప్పుడు ఒక్కతే తింటోంది.

నివేదికలో ఆవిడ పేరు లేదు. "గొట్టం మూతిలోని జాలీలను కడగడం వల్ల" అని ఒక వాక్యం మాత్రం ఉంది. ఆవిడ ఆ వాక్యాన్ని వేలితో తడిమి చూసుకుంది. ఇన్నేళ్ళ పనిలో అచ్చులోకి ఎక్కింది అదొక్కటే.

ఒకటో తేదీలు వస్తూనే ఉన్నాయి. ఆ రోజున చేతులకు ఏం చేయాలో తోచదు. బ్రష్షును సొరుగులో వెనక్కి నెట్టి, పుస్తకం తీసి రాస్తుంది: "జాలీలు కడగలేదు."

పాత జాలీలను పారేయబుద్ధి కాక ఇంటికి తెచ్చుకుని కిటికీ అంచున పెట్టుకుంది. మొదట్లో పొద్దుటెండకు ఎర్రగా మెరిసేవి. నెలలు గడిచేకొద్దీ మసకబారి, మట్టి రంగుకు తిరిగాయి. అది పూత కాదు, ఊరికే పట్టిన మసక. దేన్నీ ఆపదు, దేనికీ పనికిరాదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అయినా దాన్ని కూడా తోమలేదు.